వదిలేసిన ఇరవై సెకన్లు

టైలరు పెద్దాయన వెల్లకిలా పడుకోగలిగేది నాలుగు నిమిషాలు. అంతకు మించితే ఆయన గుండె ఒప్పుకోదు. ఊపిరితిత్తుల్లోకి నీరు ఎగదన్నుతుంది, ఆయన గభాల్న లేచి నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటాడు. ఇంట్లో కూడా మూడు దిళ్ళకి ఆనుకుని సగం కూర్చునే నిద్రపోతాడట. ఈ సంగతి ఆయన భార్య ఎమ్మారై గది గుమ్మంలోనే చెప్పేసింది, ఒక చేతిలో ఆయన చెప్పులు, ఇంకో చేతిలో కళ్ళజోడు పట్టుకుని.

వీపు స్కాన్ మామూలుగా తీస్తే ఇరవై నిమిషాలు పడుతుంది.

అందుకే ఆ కేసు ఎక్స్‌ప్రెస్సమ్మ చేతికి వచ్చింది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ ఆసుపత్రి అంతా అలాగే పిలుస్తుంది, అసలు పేరు జీతం కాయితంలో మాత్రమే మిగిలింది. మిగతా టెక్నీషియన్లు అరగంట తీసే స్కాన్ ఆమె పన్నెండు నిమిషాల్లో ముగిస్తుంది, బొమ్మ చెడకుండా. ఎదుట వెక్కిరింపుగా పిలిచేవాళ్ళు కూడా కష్టమైన పేషంటు వస్తే "ఎక్స్‌ప్రెస్సమ్మ డ్యూటీలో ఉందా?" అనే అడుగుతారు.

"పొద్దున మిషను ముందు కూర్చున్నారమ్మా," అంది పెద్దావిడ. "కాలు వేస్తే పెడల్ కదల్లేదు. పెడల్ పట్టేసిందనుకుని నూనె పోశారు. నూనె! పట్టేసింది తన కాలని తెలుసుకోడానికి గంట పట్టింది ఈ మనిషికి."

"నీకు తెలిసిందా మరి?" అన్నాడు పెద్దాయన స్ట్రెచర్ మీద నుంచి. "నువ్వు కూడా నూనె డబ్బా అందించావుగా."

మధ్యాహ్నానికి రెండు కాళ్ళూ లేవడం మానేశాయి. గుండె కోసం ఆయన రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటాడు. అలాంటివాళ్ళకి ఒక్కోసారి వెన్నుపాము పక్కన, దెబ్బ ఏదీ తగలకుండానే, రక్తం కారి గడ్డ కడుతుంది. సర్జన్‌కి ఆ అనుమానమే వచ్చింది. అదే అయితే కొన్ని గంటల్లో వీపు తెరిచి తీసెయ్యాలి, లేకపోతే కాళ్ళు ఇక రావు. అయితే ఈ గుండెతో ఆయన్ని బోర్లా పడుకోబెట్టి మత్తు ఇస్తే, టేబుల్ మీద నుంచి ప్రాణంతో దిగే అవకాశం సగానికి సగమే అని మత్తు డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. కాబట్టి బొమ్మ చూడందే కత్తి పట్టేది లేదు. బొమ్మలో గడ్డ ఉంటే పట్టక తప్పదు.

"నాలుగు నిమిషాలు, బాబాయ్‌గారూ," అంది ఎక్స్‌ప్రెస్సమ్మ, ఆయన చేతిలో రబ్బరు బంతి పెడుతూ. "ఊపిరాడకపోతే ఇది నొక్కండి. తక్షణం బయటికి తీస్తాను. అప్పటిదాకా మాత్రం కదలకూడదు."

"సగం మనిషిని పొద్దుటి నుంచీ కదలకుండానే ఉన్నానమ్మా. ఆ పై సగం సంగతి చూసుకుంటే చాలుగా."

"ఆ పై సగంలోనే నోరుంది," అంది పెద్దావిడ. తలుపు మూసుకుంది.

ఎమ్మారై బొమ్మ కెమెరా ఫొటోలా ఒక్కసారిగా పడదు. గీత తర్వాత గీతగా పోగవుతుంది. అన్ని గీతలూ తీస్తే టైము పడుతుంది. వేగం కావాలంటే కొన్ని గీతలు తీయకుండా వదిలెయ్యాలి. అలా వదిలేస్తే బొమ్మ తన మీదకి తనే మడత పడుతుంది, వీపు చర్మం వచ్చి వెన్నెముక మీద కూర్చుంటుంది. ఆ మడత విప్పడానికి బల్లలో వరుసగా తీగ చుట్లు అమర్చి ఉంటాయి. ఒక్కో చుట్టూ ఒక చెవి లాంటిది. గదిలో పదిమంది పది చోట్ల కూర్చుని వింటున్నప్పుడు, ఎవరు ఎక్కడున్నారో తెలిస్తే ఏ మాట ఎటు నుంచి వచ్చిందో విడదీసి చెప్పొచ్చు. ఏ చెవి ఎక్కడుంది, దానికి ఏది ఎంత గట్టిగా వినిపిస్తుంది అని ముందే రాసి పెట్టుకునే చిన్న స్కాన్ ఒకటుంది, రిఫరెన్స్ అంటారు. ఇరవై సెకన్లు. అది అయ్యాక మనిషి ఉన్నచోటే ఉండాలి. జరిగితే మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాలి.

ఎక్స్‌ప్రెస్సమ్మ మూడు గీతలకి ఒకటి చొప్పున తీసేలా పెట్టింది. రిఫరెన్స్ అయింది. అసలు స్కాన్ మొదలవబోతుండగా బంతి మోగింది.

పరిగెత్తి బల్ల బయటికి లాగింది. పెద్దాయన పెదవులు నీలంగా ఉన్నాయి. సిస్టర్ ఆక్సిజన్ పెంచింది. ఎక్స్‌ప్రెస్సమ్మ ఒక దుప్పటి నాలుగు మడతలు వేసి ఆయన భుజాల కింద దోపింది, ఛాతీ కాస్త ఎత్తుగా వచ్చేలా. రెండు నిమిషాలకి ఆయన మొహంలోకి రంగు వచ్చింది.

"ఇప్పుడు నయంగా ఉంది," అన్నాడు. "కానియ్యమ్మా, మళ్ళీ మొదలవకముందే కానియ్యి."

ఆమె కన్సోల్ ముందు కూర్చుంది. కర్సరు రిఫరెన్స్ వరుస మీద నిలబడింది. అద్దంలోంచి చూస్తే ఆయన ఛాతీ అప్పటికే గబగబా లేస్తోంది. జరిగింది రెండు మూడు అంగుళాలేగా అనుకుంది. ఇలాంటి ఇరవై సెకన్లు పదిహేనేళ్ళలో చాలాసార్లు వదిలేసింది. ఒక్కసారీ ఏమీ కాలేదు. పాత రిఫరెన్సే ఉంచి మీట నొక్కింది.

రెండు నిమిషాల నలభై సెకన్లు. ఆయన బంతి నొక్కలేదు.

బొమ్మ తెర మీదకి రాగానే, వెనక నిలబడ్డ చిన్న డాక్టరు ముందుకి వంగాడు. రేడియాలజీలో చేరి ఏడాది కాలేదు, కానీ కన్ను చురుకైనదని పేరు. నడి వీపు దగ్గర, వెన్నుపాముకి వెనక, బొటనవేలంత తెల్లటి మచ్చ.

"దొరికింది," అన్నాడు. "సర్జన్ అనుకున్నదే. ఎక్కడ అనుకున్నారో అక్కడే."

ఫోన్ చేశాడు. అవతలి నుంచి సర్జన్ గొంతు గదిలో అందరికీ వినిపించింది. "ముప్పావు గంటలో టేబుల్ మీద ఉండాలి. ఆవిడ చేత సంతకం తీసుకోండి."

పెద్దాయన్ని కారిడార్‌లోకి తీసుకెళ్ళారు. ఎక్స్‌ప్రెస్సమ్మ బల్ల తుడిచింది, మడత దుప్పటి విప్పి దులిపింది. వచ్చి తర్వాతి పేషంటు కాయితం తీస్తూ, అలవాటు కొద్దీ పాత బొమ్మ మూసేముందు ఇంకోసారి చూసింది.

పెద్దాయన వీపు చర్మం కింద కొవ్వు తెల్లటి పట్టీలా కనిపిస్తోంది. దుప్పటి అంచు గట్టిగా ఒత్తుకున్నచోట ఆ పట్టీలో చిన్న నొక్కు పడింది, వేలితో పిండిని నొక్కినట్టు. ఆమె చూపు అక్కణ్ణించి తెల్ల మచ్చ మీదకి వెళ్ళింది. మచ్చ వెనక అంచున కూడా ఒక నొక్కు. అదే లోతు, అదే వంపు.

చేతిలో కాయితం బల్ల మీద పెట్టింది. తెర మీద కొలత గీత తెరిచి చర్మం నుంచి మచ్చ దాకా కొలిచింది. తర్వాత బొమ్మ మొత్తం వెడల్పు కొలిచింది. మచ్చ సరిగ్గా మూడో వంతు దూరంలో ఉంది. ఆమె వదిలేసింది మూడింట రెండు గీతలు. మడత సరిగా విప్పుకోకపోతే నకలు వచ్చి పడేది ఆ దూరంలోనే.

రిఫరెన్స్ తీసిన టైము చూసింది. దుప్పటి పెట్టకముందుది.

అయితే అది నకలేనా? నిజంగా రక్తపు గడ్డ ఉండి, దాని మీద నకలు పడిందేమో. ఆ పోలిక తన భయం కల్పించిందేమో. నోరు తెరిచి చెప్పి, అది నిజమైన గడ్డే అయితే? ఆపరేషన్ ఆగిన ప్రతి నిమిషం ఆయన కాళ్ళలోంచి పోతుంది. చెప్పకుండా ఊరుకుని, అది నకలే అయితే? ఏమీ లేని వీపు కోసి, ఆయన్ని ఆపరేషన్ బల్ల మీదే పోగొట్టుకుంటారు. ఎవరికీ తెలియదు కూడా. గుండె బలహీనం అని రాస్తారు.

చిన్న డాక్టరు రిపోర్టు పూర్తిచేసి లేవబోతున్నాడు.

"డాక్టర్‌గారూ, అది పంపకండి."

"పంపేశాను, మేడమ్. ఎందుకు?"

"మచ్చ నకలు కావచ్చు. ఆ నొక్కు చూడండి."

అతను చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "పోలిక ఉంది, నిజమే. కానీ మేడమ్, మందు అది, లక్షణాలు అవి, చోటు అది. అన్నీ కలిసొచ్చాక నొక్కు కోసం సర్జన్‌ని ఆపమంటారా? నకలు రావాలంటే రిఫరెన్స్ తప్పాలి. మీ రిఫరెన్స్ తప్పడమేంటి?"

ఆమె తెర వంకే చూస్తూ అంది, "దుప్పటి పెట్టాక మళ్ళీ తీయలేదు."

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. "తీయలేదా?"

"తీయలేదు."

"మీరా?"

అతనే ఫోన్ తీసి నంబరు నొక్కి, ఒక క్షణం ఆలోచించి, రిసీవరు ఆమెకి అందించాడు. "నేను చెప్తే వినరు. మీరే చెప్పండి."

సర్జన్ విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు, దానికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

"ఇరవై సెకన్లు మిగుల్చుకున్నావన్నమాట," అన్నాడు చివరికి. "ఇప్పుడు నన్ను ఎంత అడుగుతున్నావు?"

"పదిహేను నిమిషాలు, సార్."

"థియేటర్ సిద్ధమవడానికి ఎలాగూ ఇంకా ఇరవై పడుతుంది. అంతలోపు ఏదో ఒకటి తేల్చు. తేలకపోతే నేను మొదలుపెడతాను. అనుమానం ఉందని మనం కూర్చుంటే ఆయన కాళ్ళు మనకోసం ఆగవు."

కారిడార్‌లో పెద్దావిడ సంతకం పెట్టేసి, కలం మూత పెట్టలేక తిప్పలు పడుతోంది. స్ట్రెచర్ వెనక్కి తిరగడం చూసి లేచి నిలబడింది. "థియేటరు అటు అన్నారుగా?"

"ఇంకొక్కసారి తీయాలి, పిన్నిగారూ."

"మళ్ళీ ఆ గొట్టంలోకా?" ఈసారి పెద్దాయన హాస్యమాడలేదు. "నా వల్ల కాదమ్మా. ఇందాక లోపల చచ్చిపోతాననుకున్నాను. పరువు కోసం బంతి నొక్కలేదు, తెలుసా?"

"ఈసారి పరువు వద్దు, బాబాయ్‌గారూ. నలభై సెకన్లు రెండుసార్లు, ఒకటి చూడ్డానికి, ఇంకోటి సరిచూసుకోడానికి, అంతే. రెండింటికీ మధ్య లేపి కూర్చోబెట్టమంటే కూర్చోబెడతాను."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ ఆయన చెయ్యి నొక్కింది. నలభై ఏళ్ళలో ఆవిడ మాట వినబడకపోవడం అదే మొదటిసారేమో, ఆయన తల ఊపాడు.

ఎక్స్‌ప్రెస్సమ్మ ఈసారి చేతులకి పని చెప్పేముందు బుర్రకి చెప్పింది. వీపు మొత్తం అక్కర్లేదు, మచ్చ ఉన్న జానెడు చోటు చాలు. వీపుని పొరలు పొరలుగా చూపే ముక్కలు పదిహేను అక్కర్లేదు, అయిదు చాలు. అన్నిటికన్నా ముఖ్యం, గీతలు తీసే దిక్కు మార్చాలి. ఇందాక ఛాతీ నుంచి వీపుకి తీసింది, ఇప్పుడు మెడ నుంచి నడుముకి తీయాలి. మచ్చ నకలైతే ఆ చోట నిలబడదు. నిజమైన గడ్డైతే ఏ దిక్కున తీసినా అక్కడే కూర్చుంటుంది.

"వేగం తగ్గించండి," అన్నాడు చిన్న డాక్టరు. "మూడుకి ఒకటి వద్దు. రెండుకి ఒకటి."

"ఆయన నిలవగలడా?"

"ముక్కలు తగ్గించారుగా. సరిపోతుంది."

సరిపోతుంది. ఆ లెక్క తనకి తట్టనందుకు ఆమెకి సిగ్గేసింది, అతను పక్కనున్నందుకు ధైర్యమూ వచ్చింది.

ముందు దుప్పటి. భుజాల కింద దోపి, అంచు ఒత్తకుండా చదును చేసి, "బాగుందా? ఇక జరగరుగా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత రిఫరెన్స్. ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లూ ఆమె తెర వంక కాదు, అద్దంలోంచి ఆయన ఛాతీ వంక చూసింది. లేస్తోంది, దిగుతోంది. పద్దెనిమిది. పంతొమ్మిది. అయింది.

మొదటి నలభై మొదలైంది. యంత్రం దడదడలాడింది. మైకులో ఆమె నెమ్మదిగా చెప్తూనే ఉంది. "పది అయ్యాయి, బాబాయ్‌గారూ. ఇరవై. సగం దాటాం. ముప్పై. ఇంకొంచెం. అయింది. లేస్తారా?"

"వద్దు," అని వినిపించింది, గొంతు తడారిపోయి. "లేస్తే మళ్ళీ పడుకోను. కానియ్యి."

రెండోది మొదలుపెట్టింది. పన్నెండో సెకనుకి బంతి మోగింది.

చిన్న డాక్టరు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. "ఇంకో ఇరవై ఎనిమిది సెకన్లే, మేడమ్..."

ఆమె అప్పటికే ఆపు మీట నొక్కి తలుపు తీసింది. సిస్టరూ, ఆమే కలిసి ఆయన్ని లేపి కూర్చోబెట్టారు. ఆయన ఆమె భుజం మీద మొహం పెట్టుకుని, పగిలిన తిత్తిలా ఎగరొప్పాడు. చెమటతో ఆమె కోటు తడిసింది. ఆ ఊపిరి ఒక లయలో పడేదాకా ఆమె తెర వైపు తిరగలేదు. తిరగాలంటే భయంగానే ఉంది.

"మేడమ్," అన్నాడు చిన్న డాక్టరు లోపల్నుంచి.

"చెప్పండి."

"మీరొచ్చి చూడండి."

మొదటి నలభైలో తీసిన అయిదు ముక్కలూ తెర మీద వరుసగా ఉన్నాయి. కాస్త గరుగ్గా ఉన్నాయి, అందమైన బొమ్మలు కావు. వెన్నుపాము పై నుంచి కింద దాకా సన్నటి తాడులా దిగింది. దాని చుట్టూ ఉండే నీటి వెలుగు, ఎక్కడా తెగకుండా. వెనక, బొటనవేలంత మచ్చ ఉన్నచోట, ఏమీ లేదు. ఆమె ఒక్కో ముక్కా పెద్దది చేసి చూసింది. అయిదింటిలోనూ లేదు.

థియేటర్ బట్టల్లోనే సర్జన్ కిందికి దిగి వచ్చాడు. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టించుకున్నాడు. నొక్కు ఎక్కడో చూపించమన్నాడు. చూశాడు.

"ఈయన్ని కోసి ఉండేవాణ్ణి," అన్నాడు, ఎవరితోనూ కాదు. తర్వాత చిన్న డాక్టరు వైపు తిరిగి, "గడ్డ లేదు సరే, కాళ్ళెందుకు పడిపోయాయి? రాగానే తీసిన రక్తం రిపోర్టు ఏది?"

వెతికితే తేలింది. ఆసుపత్రికి రాగానే తీసిన రక్తం పాడైందని ల్యాబ్ వెనక్కి పంపింది. మళ్ళీ తీసి పంపాలన్న మాట స్కాన్ హడావిడిలో ఎవరి చెవినా పడలేదు. కారిడార్‌లోనే మళ్ళీ తీశారు. అరగంటలో ఫోన్ వచ్చింది: పొటాషియం అట్టడుగుకి పడిపోయి ఉంది. ఒంట్లో నీరు పోవడానికి ఆయన వేసుకునే మాత్రలు నీటితో పాటు దాన్నీ లాగేశాయి. అది పడిపోతే కండరాలు మాట వినవు. ఆలస్యమైతే గుండె కూడా వినదు. సెలైన్‌లో కలిపి, గుండె యంత్రం తగిలించి, నెమ్మదిగా ఎక్కించడం మొదలుపెట్టారు. కాళ్ళు వస్తాయా అంటే, రేపటికి తెలుస్తుంది, రావాలి అన్నాడు సర్జన్. వెళ్తూ వెళ్తూ ఎక్స్‌ప్రెస్సమ్మ దగ్గర ఆగాడు. "జరిగింది జరిగినట్టు రాసి రేపు నా టేబుల్ మీద పెట్టు," అన్నాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు.

పెద్దావిడ కారిడార్ చివర కుర్చీలో ఉంది. ఎక్స్‌ప్రెస్సమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఆపరేషన్ లేదన్నారు," అంది ఆవిడ. "మచ్చ పోయిందట. మచ్చలు పోతాయా అమ్మా అలా?"

"పోలేదు, పిన్నిగారూ. అసలు లేదు. మొదటిసారి నేను సరిగ్గా తీయలేదు. ఆయన భుజాల కింద దుప్పటి పెట్టాక ఇంకో చిన్న స్కాన్ చెయ్యాలి. వదిలేశాను. అందుకే లేనిది కనబడింది."

"ఎందుకు వదిలేశావు?"

"ఆయన ఆయాసపడుతున్నారని..." అని ఆగింది. ఆ మాట నిజమే. కానీ అంతటితో ఆపితే ఇది కూడా సగం గీతలు తీసిన బొమ్మే అవుతుంది. "అదొక్కటే కాదు. వదిలేసినా ఏమీ కాదని నాకు అలవాటైపోయింది."

సంతకం పెట్టిన కలం ఇంకా పెద్దావిడ చేతిలోనే ఉంది, ఆవిడ దానికి మూత పెట్టింది.

"సంతకం పెట్టాక నేనేం ఆలోచించానో తెలుసా? ఆ కుట్టుమిషను ఎవరికివ్వాలా అని. ఇంట్లో అడ్డంగా ఉంటుంది కదా అని. మనిషి నా ఎదురుగా స్ట్రెచర్ మీద ఉన్నారు, నా వంకే చూస్తున్నారు. నేను మిషను ఎవరి చేతిలో పెట్టాలో లెక్క చూసుకుంటున్నాను. అది నేను ఆయనకి ఎలా చెప్పను? ఎవరికి చెప్పను?"

ఎక్స్‌ప్రెస్సమ్మ కుర్చీ కింద ఉన్న ఆయన చెప్పులు జతగా సర్దింది.

"నువ్వు చెప్పకుండా ఉంటే నాకేం తెలిసేది కాదు," అంది ఆవిడ. "చెప్పావు. మంచిదే. కోపం మాత్రం ఉంది. ఇప్పుడప్పుడే పోదు."

"పోవద్దు లెండి."

"నాకు చెప్తే సరిపోదు. వీపు ఆయనది. వెళ్ళి ఆయనకి చెప్పు."

పెద్దాయన మూడు దిళ్ళకి ఆనుకుని, సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నాడు. ఆమె రావడం చూసి మొహం మాడ్చుకున్నాడు. "మళ్ళీ తీస్తానంటే మాత్రం నేను రాను, చెప్తున్నా."

"తీయను, బాబాయ్‌గారూ," అంది ఎక్స్‌ప్రెస్సమ్మ, మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుంటూ. "మీకో సంగతి చెప్పాలి. కొంచెం టైము పడుతుంది."